పేరును నేనును

విద్యార్థులారా, వ్యాకరణములో మనకును ఆంగ్లేయులకును ఒకచోట లెక్క తలక్రిందులైనది. 'నేను' అను మాటతో చేరు క్రియను మన పెద్దలు ఉత్తమ పురుష అనిరి. 'నీవు' అను మాటతో చేరునది మధ్యమ పురుష. తక్కిన సమస్తమును, అనగా అతడు, ఆమె, అది, రాముడు, ఆవు, చెట్టు, అన్నియు ప్రథమ పురుషకు చెందినవే. ఇంగ్లీషు వ్యాకరణము చేతికి వచ్చునప్పటికి 'నేను' ఫస్టు పర్సను అగును. మన ప్రథమ పురుష అక్కడ థర్డు పర్సను అగును. ప్రథమ అన్నను మొదటిదే, ఫస్టు అన్నను మొదటిదే గదా యని రెండింటిని ఒకటిగా భావించి పరీక్షలలో మార్కులు పోగొట్టుకొన్న పిల్లలను ఎందరినో చూచితిని. వారు లెక్కను తమతో మొదలుపెట్టిరి. మనవారు ఎదుటి లోకముతో మొదలుపెట్టి తమను కడపట నిలుపుకొనిరి. సంస్కృతమున 'ఉత్తమ' శబ్దమునకు శ్రేష్ఠము అనియే కాక కడపటిది అనియు అర్థము కలదు. ఎవరి వినయము ఎంత యని తూచుట నా పని కాదు గాని, ఈ తేడా ఒక్కటి మనసున నుంచుకొనిన ఇక చెప్పబోవునది సులభముగా బోధపడును.

మన పేరు ఏ పురుషకు చెందును? ప్రశ్న చిన్నదిగా తోచును. నా పేరు నాదే గదా, కనుక ఉత్తమ పురుషయే యని మీరు చెప్పవచ్చును. కాని పాణిని మహర్షి రెండువేల ఏండ్లకు పూర్వమే దీనికి వేరు సమాధానము నిర్ణయించి పోయెను. ఆయన సూత్రముల సారాంశ మిది: క్రియకు కర్తగా 'నేను' అను శబ్దము, పలికినను పలుకకున్నను, ఉండెనేని ఉత్తమ పురుష, 'నీవు' అను శబ్దము ఉండెనేని మధ్యమ పురుష, మిగిలిన వానికెల్ల ప్రథమ పురుష. ఆ మిగిలిన రాశిలోనే మన పేరులును ఉన్నవి. క్రియ మనిషి ముఖము చూడదు. మాట ముఖము చూచును.

తెలుగున ఈ సంగతిలో పొరపడువారు అరుదు. మన క్రియలకు తోకలు స్పష్టముగా నున్నవి. వచ్చితిని అన్నచో నేను. వచ్చితివి అన్నచో నీవు. వచ్చెను అన్నచో అతడో, ఆమెయో, అదియో. 'నేను' అను మాట పలుకనక్కరయే లేదు. వచ్చితిని అన్న చాలును. అంతే కాదు, మన భాషలో నామవాచకము కూడ పురుషను అనుసరించి తోక తగిలించుకొనును. నేను ఉపాధ్యాయుడను, నీవు విద్యార్థివి, అతడు రైతు. ఇట్టి సౌకర్యము ఇంగ్లీషునకు లేదు. అక్కడ టీచర్ అను మాట ఎవరి నోట వచ్చినను టీచరే. మీరు పుట్టినది మొదలు ఎవరును నేర్పకయే ఈ తోకలను సరిగా వాడుచున్నారు. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడుటకు ముందు కూడ మన పల్లెలలోని పసివారు వానిని సరిగానే వాడిరి.

ఇంగ్లీషులో క్రియకు ఇట్టి తోకలు చాల వరకు రాలిపోయినవి. ఐ వెంట్, హీ వెంట్. ఐ షల్, హీ షల్. ఐ వాజ్, హీ వాజ్. భూతకాలమునను, భవిష్యత్తునను 'నేను' అన్నను పేరు అన్నను క్రియ మారదు. కనుక తప్పు చేయుటకు అక్కడ తావు లేదు. వర్తమానమున మాత్రము నాలుగైదు గుర్తులు మిగిలి యున్నవి. 'ఐ' అన్నచో యామ్, హావ్, డూ, గో. పేరు అన్నచో ఈజ్, హాజ్, డజ్, గోజ్. తప్పు బయటపడునది ఈ ఇరుకు సందులోనే. మన పిల్లలలో పలువురు ఇంగ్లీషున మొట్టమొదట నేర్చు వాక్యము 'మై నేమ్ ఈజ్' అనునది. అక్కడ కర్త 'నేమ్', అనగా పేరు అను వస్తువు. కనుక ఈజ్ వచ్చినది. టెలిఫోనులో 'దిస్ ఈజ్ రామయ్య' అందురు. అక్కడ కర్త 'దిస్'. ఈ రెండు వాక్యములు వేయిసార్లు పలికిన నాలుకకు, తన పేరు వినబడగానే వెనుక ఈజ్ తనంతట వచ్చి నిలుచును.

ఇట్లు వచ్చి నిలిచిన ఒక ఈజ్ సంగతి చెప్పెదను.

1986వ సంవత్సరమున నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా ఉంటిని. పదియవ తరగతిలో చేనేత కుటుంబమునకు చెందిన బాలుడొకడు ఉండెను. తండ్రి అంతకు రెండేండ్ల క్రిందటనే కాలము చేసెను. తల్లి మగ్గము నేసి ఇల్లు గడపుచుండెను. ఆ బాలుని పేరు మీకు అక్కరలేదు. వ్యాకరణములలో వాడుకైన రామయ్య యను పేరే అతనికిని పెట్టుకొందము. విద్యార్థి వేతనము కొరకు రామయ్య అర్జీ పెట్టెను. ఆ అర్జీతో పాటు తెల్లకాగితముపై ఇంగ్లీషున ఒక ప్రకటన వ్రాసి ఇయ్యవలెనని అడిగిరి. అతడు ఎవరి సాయమును కోరక తానే కూర్చుకొని వ్రాసెను. మొదట 'ఐ' అని వ్రాసి, తన పేరు, తండ్రి పేరు, ఊరు అన్నియు వరుసగా చేర్చి, తరువాత 'ఈజ్ స్టడీయింగ్ ఇన్ టెన్త్ క్లాస్ అండ్ హాజ్ నో అదర్ స్కాలర్‌షిప్' అని ముగించెను.

కార్యాలయములో ఆ కాగితము అందుకొన్న గుమాస్తా దానిని బిగ్గరగా చదివి ప్రక్కవారికి వినిపించెనట. ఈ కుర్రవానికి తానెవ్వడో తనకే తెలియదనెనట. నలుగురును నవ్విరి. మరొకటి వ్రాసి తెమ్మనియు, మరునాటి సాయంకాలము ఐదు గంటలకు గడువు తీరుననియు చెప్పి కాగితము తిరిగి ఇచ్చిరి. తప్పు చూపుట వారి పనియే. అందుకు నాకు అభ్యంతరము లేదు. తప్పు ఏమిటో చెప్పక నవ్వుటలో మాత్రము ఏ ఉద్యోగధర్మమును నాకు కానరాదు.

రామయ్య ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొని బడికి వచ్చెను. మరల వ్రాయు ఉద్దేశము అతనికి లేదు. వేతనము లేకున్న పదియవ తరగతి తరువాత మగ్గమే గతి యని అతనికి తెలియును. అయినను ఆ గది గడప మరల తొక్కుటకు మనసు రాకుండెను. సాయంకాలము గంట మ్రోగిన తరువాత నా యొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, పేరు వచ్చినప్పుడు ఈజ్ వ్రాయవలెనని మాకు చెప్పిరి. నేను పేరు వ్రాసితిని, ఈజ్ వ్రాసితిని. ఇందులో నవ్వవలసిన దేమి?" అని అడిగెను.

ప్రశ్న న్యాయమైనదే. అతనికి అందిన సూత్రము సగము సూత్రము. ఆ సగమును అతడు శ్రద్ధగా పాటించెను. నేను తెలుగువాడనగుటచే తెలుగుతోనే మొదలుపెట్టితిని.

"ఇదే సంగతి తెలుగున వ్రాయుము" అంటిని.

అతడు తడవుకొనక వ్రాసెను: రామయ్య అను నేను పదియవ తరగతి చదువుచున్నాను.

"చదువుచున్నాడు అని ఏల వ్రాయలేదు?"

"నేను అని ఉన్నది గదండీ!"

"సరే. ఇందులో క్రియకు దగ్గరగా ఉన్నది నీ పేరా, నేను అను మాటయా?"

అతడు చూచి, "నేను" అనెను. తరువాత జేబులోని కాగితము తీసి మడతలు విప్పెను. అక్కడ క్రియకు దగ్గరగా ఉన్నది ఊరి పేరు. 'ఐ' అను అక్షరము పంక్తి మొదట ఎక్కడనో ఒంటరిగా నిలిచి యున్నది.

తప్పు పుట్టిన చోటు అదియే. మన భాషలో పేరు ముందు వచ్చును. 'అను' అను చిన్న మాట దానిని 'నేను'తో ముడివేయును. ముడి తరువాత 'నేను' క్రియకు చేరువగా కూర్చుండును. కనుక మన నాలుక తడబడదు. ఇంగ్లీషున 'ఐ' ముందు నడచును. పేరు దాని వెనుక రెండు కామాల నడుమ వచ్చి చేరును. ఆ పేరు కర్త కాదు, కర్తకు తోడు వచ్చిన వివరము. అయినను క్రియకు ముందు కంటికి కనబడునది అదియే యగుటచే క్రియను తనవైపు లాగికొనును. కాగితముపై వ్రేలు పెట్టి, మొదటి కామా నుండి చివరి కామా వరకు ఉన్నదానిని కప్పుమంటిని. 'ఐ' ఒక వైపున, 'ఈజ్' ఒక వైపున మిగిలినవి. ఐ ఈజ్ అని తనలో తాను చదువుకొని రామయ్య మొదటిసారి చిరునవ్వు నవ్వెను.

న్యాయస్థానములలో దాఖలు చేయు అఫిడవిట్లు మీరు ఎప్పుడైన చూచినచో ఈ దూరము ఎంత యుండునో తెలియును. 'ఐ' అని మొదలై, పేరు, తండ్రి పేరు, వయస్సు, వృత్తి, ఇంటి నెంబరు, గ్రామము, జిల్లా, ఇన్నియు గడచిన తరువాత గాని క్రియ రాదు. అంత దూరము నడచి వచ్చిన తరువాత కూడ అక్కడ వచ్చునది 'డూ' యే గాని 'డజ్' కాదు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగములో మూడవ షెడ్యూలున మంత్రులును, శాసనసభ్యులును, న్యాయమూర్తులును చేయవలసిన ప్రమాణములు ముద్రితమై యున్నవి. ఇంగ్లీషు పాఠములో 'ఐ' తరువాత పేరు నింపుకొనుటకు గుర్తు, ఆ వెంటనే 'డూ'. తెలుగున ప్రమాణము చేయువారు తమ పేరు చెప్పి 'అను నేను' అందురు. రెండు భాషలును ఒకే పని రెండు దారులలో చేసినవి.

ఇంతటితో ఆ బాలుని సందేహము తీరెననుకొంటిని. తీరలేదు. తల గోకికొనుచు, "మాస్టరుగారూ, పోతనగారు తన్ను గూర్చి చెప్పుకొన్నారని మీరు తరగతిలో ఒక పద్యము చెప్పితిరి. అందులో ఆయన తన పేరు పెట్టుకొని 'చెప్పె' అన్నారు, 'చెప్పితి' అనలేదు. ఆయనది ఒప్పును నాది తప్పును ఎట్లగును?" అనెను.

ఇట్టి ప్రశ్న ఒకటి ఏడాదికి ఒకసారి వినబడినను ఉపాధ్యాయుని జీతము గిట్టుబాటైనట్లే. పోతన పేర ప్రసిద్ధమైన ఆ పద్యములో కవి తన కావ్యమును రాజులకు ఈయక శ్రీహరికి అర్పించిన సంగతిని చెప్పుచు తన్ను తాను బమ్మెర పోతరాజు అను ఒకానొకడుగా పేర్కొనును. 'నేను' అను మాట అక్కడ లేదు. ఉన్నది పేరు ఒక్కటియే. కనుక ప్రథమ పురుషయే ఒప్పు. కవి తననుండి తాను రెండడుగులు దూరము జరిగి, ఊరివారిలో ఒకనిని చూపినట్లు తన్ను చూపెను.

ఇట్లు దూరము జరుగుటకు కారణములు ఒక్కటే కావు. రోమను సేనాని జూలియస్ సీజరు క్రీస్తుపూర్వము 58 మొదలుకొని గాల్ దేశమున తాను చేసిన యుద్ధములను తానే గ్రంథముగా వ్రాసెను. ఆ కథనములో తనను 'సీజరు' అనియే పేర్కొనెను. క్రియలు ప్రథమ పురుష. చదువువానికి ఎవరో నిష్పక్షపాతముగా చెప్పుచున్నారను భ్రమ కలుగును. ఆయన కోరినదియు బహుశః అదియే. పదునారు శతాబ్దములకు పైగా గడచిన తరువాత, 1599 ప్రాంతమున, షేక్స్పియరు ఆ సీజరును నాటకములోనికి ఎక్కించినప్పుడు, ఇల్లు కదలవద్దని భార్య బతిమాలుచుండగా కూడ అతనిచేత తన పేరే పలికించెను. పోతన దూరమున వినయము ఉన్నది. నాటకములోని సీజరు దూరమున దర్పము ఉన్నది. వ్యాకరణము మాత్రము ఇద్దరికిని ఒక్కటే.

అంత దూరము పోనక్కరలేదు. "అమ్మ వచ్చుచున్నది, ఏడువకు" అని బిడ్డతో చెప్పునది అమ్మయే గదా! "బుజ్జికి అన్నము కావలెను" అని అడుగునది బుజ్జియే గదా! ఇంగ్లీషు తల్లియు బిడ్డతో 'మమ్మీ ఈజ్ కమింగ్' అనును, యామ్ అనదు. మనమందరమును పోతన, సీజరుల మార్గమున ఊయలలోనే నడచితిమి.

ఇవి వినిన రామయ్య చక్కని ఉపాయము కనుగొనెను. "అట్లయినచో మొదటి 'ఐ' కొట్టివేసిన చాలును. రామయ్య ఈజ్ అని మిగులును. వేరొక కాగితము అక్కరలేదు."

"వ్యాకరణమున ఒప్పు. ఈ కాగితమున ఒప్పదు" అంటిని.

"ఏల?"

"రామయ్య పదియవ తరగతి చదువుచున్నాడని నేను వ్రాయవచ్చును, మీ ఊరి పెద్ద వ్రాయవచ్చును, దారిని పోవువాడును వ్రాయవచ్చును. రామయ్య అను పేరుగలవారు మన జిల్లాలో వందలు. 'నేను' అను మాటను మాత్రము చేవ్రాలు చేయువాడు తప్ప మరొకడు నీ బదులు వ్రాయలేడు. రేపు ఇందులో ఒక మాట అబద్ధమని తేలినచో, అది రామయ్యను గూర్చి ఎవరో అన్నమాట అని తప్పించుకొనుటకు వీలుండరాదు. అందుకే వారికి పేరును కావలెను, నేనును కావలెను."

అతడు మరి మాటలాడలేదు. నా బల్లమీది తెల్లకాగితము తీసికొని, యామ్ అనియు, హావ్ అనియు దిద్ది, ప్రకటన మొత్తము శుభ్రముగా తిరిగి వ్రాసెను. దాని క్రింద తల్లి ప్రకటన కూడ ఉండవలెను. దానిని కూడ అతడే వ్రాసెను: 'ఐ', ఆమె పేరు, కీర్తిశేషుడైన భర్త పేరు, తరువాత 'యామ్ ది మదర్ ఆఫ్ ది అబౌ బాయ్'. ఆమెకు చేవ్రాలు రాదు. వ్రేలిముద్రకు సాక్షి కావలసి యుండుటచే నేనును అతని వెంట ఇంటికి పోయితిని.

దీపములు పెట్టు వేళ. ఆమె మగ్గపు గుంటలో కూర్చుండి నేయుచుండెను. మమ్ము చూచి లేచి, చేతులు తుడుచుకొని, నాకు పీట వేసెను. కొడుకు కాగితము విప్పి మొదట ఇంగ్లీషున చదివి, తరువాత దాని అర్థము తెలుగున చెప్పెను. ఆమె ప్రతి మాటయు విని ఇట్లనెను.

"నా పేరు చదివినావు, మీ నాయన పేరు చదివినావు. ఇది చెప్పుచున్నది నేనే అని అందులో ఎక్కడ ఉన్నది?"

ఒకసారి ఏదో కాగితముపై, అందులో నేమున్నదో తెలియక, వ్రేలిముద్ర వేసి చిక్కుపడినదట. ఆ సంగతి నాకు తరువాత తెలిసినది.

రామయ్య పంక్తి మొదటనున్న అక్షరముపై వ్రేలు పెట్టి, "ఇదిగో, అమ్మా. ఇది నేను" అనెను.

"ఇదేనా? ఒక్క గీతయేనా?"

"ఒక్క గీతయే."

ఆమె దీపము దగ్గరకు జరుపుకొని వంగి చూచెను. "పడుగుపోగు వలె ఉన్నదే" అనెను. తరువాత నా వైపు తిరిగి, "అయ్యగారూ, మరి ఈ ప్రక్క మాటలన్నియు దానితో కలిసియే ఉన్నవా, విడిగా ఉన్నవా?" అని అడిగెను.

"కలిసియే ఉన్నవమ్మా. చివరి మాట ఆ గీత చెప్పినట్లు వినును" అంటిని.

ఆమె తల ఊపి బొటనవ్రేలు సిరాలో అద్ది ముద్ర వేసెను. దాని ప్రక్కన అది ఎవరి ముద్రయో నేను వ్రాసి, సాక్షిగా నా చేవ్రాలు చేసితిని. మరునాడు మధ్యాహ్నము మూడు గంటలకు రామయ్య ఆ కాగితములు ఒంటరిగానే తీసికొని పోయి ఇచ్చెను. నేను వచ్చెదనన్నను వద్దనెను. గుమాస్తా ఈసారి బిగ్గరగా చదువలేదు. తేదీ ముద్ర వేసి రసీదు ఇచ్చెను. వేతనము మొదటి వాయిదా ఆ సంవత్సరము ఫిబ్రవరిలో వచ్చెను. రసీదు పుస్తకములో రామయ్య తన పేరు వ్రాసి పుచ్చుకొనెను.